నోరు మూయని బొమ్మ

మొన్న సాయంత్రం ఫిల్మ్‌నగర్ సందులో టీ తాగుతుంటే సార్ కనిపించాడు. టీ కొట్టు గోడకి బిగించిన టీవీలో, ఏదో సీరియల్లో, ఒక పెద్దింటి హాలు గోడ మీద ఉన్నాడు. మెడలో దండ, నుదుట బొట్టు, ముందు దీపం. కింద ఒక కోడలు చేతులు జోడించి "మామయ్యగారూ, ఈ ఇంటి పరువు మీరే కాపాడాలి" అని కుమిలి కుమిలి ఏడుస్తోంది. సార్ నోరు బుద్ధిగా మూసుకుని వింటున్నాడు. ఆయన్ని ఎరిగినవాళ్ళెవరికైనా అక్కడే అనుమానం రావాలి.

కొట్టు యజమాని గ్లాసు నా చేతికిస్తూ టీవీ వైపు చూసి, "మీ సార్ మళ్ళ సచ్చిండు గదనే" అన్నాడు.

నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఆపి గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఎందుకంటే ఈసారి సార్ నిజంగానే పోయాడు, పోయిన వానాకాలంలో. ఆ సంగతి కొట్టాయనకి తెలియదు. తెలియకపోవడం ఆయన తప్పు కూడా కాదు. ఏళ్ళ తరబడి తెర మీద పోతూనే ఉన్న మనిషి అసలు ఎప్పుడు పోయాడో పోల్చుకోవడం ఎవరికైనా కష్టమే.

సార్ గురించి చెప్పాలంటే ముందు ఆయన కుడిచేతి చూపుడు వేలి గురించి చెప్పాలి. ఆ వేలు ఎప్పుడూ ఏదో ఒక పుస్తకంలో ఉండేది. చదువుతుండగా ఎవరైనా పలకరిస్తే, పుస్తకాన్ని వేలి మీద మూసి, "ఒక్క ముక్క చెప్పి మళ్ళ చదువుకుంట" అనేవాడు. ఆ ఒక్క ముక్క పొద్దుగూకేదాకా సాగేది. అంతసేపూ వేలు పేజీలోనే. తలుపు మోచేత్తో తీసేవాడు. చెమట ఎడమచేత్తో తుడుచుకునేవాడు. ఒకసారి మధురానగర్‌లో తన ఇంటి నుంచి ఫిల్మ్‌నగర్‌లో నా షెడ్డు దాకా ఆటోలో అలాగే వచ్చాడు. "ఏమైంది సార్, వేలు నలిగిందా?" అని పాపం ఆటో అతను జాలిపడి అడిగాడట. దానికి జవాబుగా, కాగితాలు లేని కాలంలో తాటాకు పుస్తకాల్లో చదివిన చోటు ఎలా గుర్తుపెట్టుకునేవాళ్ళో షెడ్డు ముందు ఆటో ఆపించి మరీ చెప్పాడు. ఆటో అతను బేరాలు పోగొట్టుకుని విన్నాడు. వినేలా చెప్పేవాడు, అదే వచ్చిన చిక్కు.

"ఏదన్నా కాగితం ముక్క పెట్టుకోవచ్చు కదా సార్?" అని నేనొకసారి అడిగాను.

"కాగితం పెడితే చదువుడు ఆపినట్టు పెయింటర్ సాబ్. వేలు పెడితే ఆపలేనట్టు" అన్నాడు.

ఈ వేలి వల్ల ఆయన చేసే టీలో చక్కెర ఉండేది కాదు. ఒక చేత్తో పాలు పొంగించవచ్చు, ఆకు వేయవచ్చు, వడగట్టవచ్చు కూడా. చక్కెర డబ్బా మూత మాత్రం ఒక చేత్తో రాదు. "చక్కెర మన ఆరోగ్యానికి మంచిది కాదు" అని దానికొక శాస్త్రం చెప్పేవాడుగానీ, అసలు కారణం మూత.

ఆయన ప్రభుత్వ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. తెలుగు, సంస్కృతం, ఉర్దూ చదివాడు. పాత శాసనాలు చదవగలడు. కాలేజీలో పిల్లలకీ, కాలనీలో పెద్దలకీ, సినిమా వాళ్ళకీ అందరికీ ఆయన సారే. నేను తెనాలి వైపు నుంచి సినిమా హోర్డింగులు వేద్దామని వచ్చినవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చి మా కుంచెలు మూలపడ్డాక ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో చేరి, సెట్లకి రాజుల బొమ్మలు, దేవుళ్ళ బొమ్మలు, పాతగోడల పగుళ్ళు వేయడం మొదలుపెట్టాను. మా ఇద్దరికీ పరిచయం టమాటాల వల్ల అయింది.

అదొక చారిత్రక సినిమా. ఆరోజు రాజుగారి విందు. తెల్లారి నుంచీ మేం అరిటాకులు పరిచి, వెండిపూత పళ్ళేలు పెట్టి, పండ్లు రాశులు పోశాం. రంగు కోసం మధ్యమధ్య ఎర్రటి టమాటాలు, పండుమిరపకాయలు కుప్పలుగా పేర్చాం. అది నా ఆలోచనే. ఆకుపచ్చ పక్కన ఎరుపు లేకపోతే నాకు అన్నం సహించదు. అప్పుడొచ్చాడు చేతిలో పుస్తకం, పుస్తకంలో వేలుతో ఒక బక్కపలుచని పెద్దమనిషి. చరిత్ర సలహాదారుగా పిలిపించారట.

"ఏందయ్యా గిది? ఈ రాజు కాలానికి టమాటా ఏడిది?" అని ఎడమచేత్తో ఒక టమాటా తీసి చూపించాడు. "పోర్చుగీసోళ్ళు వచ్చేదాంక మనకు గిది లేదు." అని దాన్ని కొరికాడు. ఇంకోటి తీశాడు. "గిది గూడ లేదు." అదీ తిన్నాడు. "మిర్చి అసలే లేదు. మనోళ్ళు మిరియాలు నూరుకుని తిన్నరు." మిర్చి మాత్రం తినలేదు, అంత వెర్రివాడు కాదు. ఆయన ఉపన్యాసం ముగిసేసరికి రాజుగారి పళ్ళెంలో టమాటాలు నిజంగానే లేవు. డైరెక్టరు వచ్చి అంతా విని, "చాలా బాగా చెప్పారు సార్" అని దండం పెట్టి, వెనక్కి తిరిగి నాతో "మిరపకాయలు ఇంకాస్త పొయ్యండి, ఎరుపు బావుంది" అన్నాడు.

సార్ వచ్చి నా పక్కన రంగు డబ్బా మీద కూలబడ్డాడు. "మరి నన్ను ఎందుకు పిలిచిండ్రయ్యా?"

"టైటిల్స్‌లో పేరు వేసుకోడానికి సార్."

ఆయన నా మొహంలోకి చూసి పకపకా నవ్వాడు. ఆ నవ్వుతో మా స్నేహం మొదలైంది. ఆ తర్వాత ఆదివారమంటే సార్ నా షెడ్డులోనే. నేను బొమ్మ వేస్తుంటే ఆయన పక్కన కూర్చుని చదివేవాడు. అంటే మాట్లాడేవాడు.

ఒక ఆదివారం పెద్ద పుస్తకమొకటి మోసుకొచ్చాడు. అన్నీ పాత ఇటలీ చిత్రాలు. అందులో ఒక పేజీ తెరిచి నా ఒళ్ళో పెట్టాడు. నల్ల అంగీ వేసుకున్న ఒక మనిషి కిటికీ పక్కన కూర్చుని, చేతిలో పుస్తకంలో వేలు పెట్టుకుని మనవైపు చూస్తున్నాడు.

"చూడు. వీడొక పండితుడు. ఏసినోడు వీని దోస్తు. ఇగో, ఆ వేలు చూడు. ఐదొందల ఏండ్ల సంది అదే పేజీల ఉన్నది. పండితుడు పోయిండు, పెయింటరు పోయిండు, వేలు మాత్రం ఆడనే ఉన్నది. నన్ను గిట్ల వెయ్యి."

"ఆయన ముక్కు బాగుంది సార్."

"నా ముక్కుకేమైంది?"

"మీ ముక్కుకి కూడా ఐదొందల ఏళ్ళు ఉంటాయి."

అన్నానుగానీ నాకూ ఆశ పుట్టింది. జీవితమంతా పుట్టని రాజులకీ, కనిపించని దేవుళ్ళకీ ముఖాలు కల్పిస్తూ వచ్చినవాణ్ణి. ఎదురుగా కూర్చున్న మనిషిని ఉన్నది ఉన్నట్టు వేసి చాలా కాలమైంది. సరే అన్నాను. నల్ల అంగీ కోసం కాస్ట్యూమ్స్ వాళ్ళ దగ్గర కోర్టు సీన్లలో వాడే లాయరు గౌను అడిగి తెచ్చాను. రేకుల షెడ్డులో, ఎండాకాలంలో, ఆ గౌను తొడుక్కుని సార్ ఇటలీలో ఉన్నట్టే కూర్చున్నాడు. చెమటకి కళ్ళజోడు జారుతూ ఉండేది. ఫ్యాను వేస్తే పేజీలు కదులుతాయని వద్దనేవాడు.

చేతిలో ఏ పుస్తకం ఉండాలన్నది పెద్ద గొడవైంది. మొదటి వారం నిఘంటువు తెచ్చాడు. రెండో వారం శాసనాల సంపుటి. తర్వాత ఒక ఉర్దూ గజళ్ళ పుస్తకం తెచ్చి, "మనిషికి జర రసం గూడ ఉన్నదని తెల్వాలె గదా" అన్నాడు. ప్రతిసారీ పుస్తకం మందం మారేది, దాంతో వేళ్ళ వంపు మారేది, నేను చేతిని మళ్ళీ మొదటి నుంచి వేసుకునేవాణ్ణి. చివరికి విసుగొచ్చి అట్ట మీద ఏ పేరూ లేని పుస్తకం వేసేశాను. ఆయన చూసి చాలాసేపు ఆలోచించి, "మంచిగ చేసినవు. ఇగ నేను చదవని పుస్తకం అని ఎవడు అనలేడు" అని ఒప్పుకున్నాడు.

అన్నీ వచ్చాయి. నెరిసిన కనుబొమలు వచ్చాయి, కళ్ళజోడు వెనక కొంటెతనం వచ్చింది, ఎడమ చెవి కొంచెం ముందుకి వంగి ఉండటం కూడా వచ్చింది. నోరొక్కటే రాలేదు.

"సార్, ఒక్క నిమిషం పెదవులు కదపకండి."

"కదపనయ్యా. ఒక్క ముక్క చెప్పి మూస్త."

ఆ ముక్క అయ్యేది కాదు. పెదవులు వేయడం, తుడవడం, వేయడం, తుడవడం. అక్కడ కాన్వాసు అరిగిపోతుందేమోనని భయం వేసింది. ఇక లాభం లేదని, 'ఒక్క ముక్క' అనబోయే ముందు ఆయన నోరెలా ఉంటుందో అలాగే వేశాను. పెదవులు కొద్దిగా విడివడి, కింది పళ్ళు రెండు కనీ కనిపించకుండా, మాట అప్పుడే నాలుక మీదికి వస్తున్నట్టు.

సార్ దగ్గరకొచ్చి చూసి మొహం చిట్లించాడు. "నోరు తెరిచినవేంది? ఇటలీ పండితుడు మూసిండు గదా?"

"ఆ పెయింటరు అదృష్టవంతుడు సార్."

బొమ్మ చూడటానికి ఆయన భార్య వచ్చింది. నేను ఆవిడని అక్కా అంటాను, ఆవిడ నన్ను తమ్మీ అంటుంది. అక్క కొంగు భుజం చుట్టూ కప్పుకుని బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. "అచ్చం ఆయనే" అంది. తర్వాత గట్టిగా నిట్టూర్చి, "ఇంట్ల ఒక్కరు మాట్లాడితెనే నా చెవులు పోతున్నయి. ఇద్దరైతే నా వల్ల కాదు. నీ దగ్గర్నే ఉంచుకో తమ్మీ" అంది. అదీగాక వాళ్ళింట్లో ఖాళీ గోడ లేదు. వంటింటితో సహా అన్నిటికీ పుస్తకాల అలమార్లే. అలా బొమ్మ నా షెడ్డులోనే ఉండిపోయింది.

ఇక్కడ మా పరిశ్రమ సంగతొకటి చెప్పాలి. సినిమాల్లో, సీరియల్సులో, పోయిన పెద్దవాళ్ళ ఫోటో ఒకటి గోడ మీద దండతో ఉండాలి కదా. ఏ నటుడూ తన ఫోటోకి దండ వేయనివ్వడు. లక్షలమంది ముందు విషం తాగి చస్తాడు, కత్తి పోట్లు తిని చస్తాడు, దానికి ఏమీ అనుకోడు. ఫోటోకి దండ అనగానే "అమ్మో, అపశకునం" అని లేచి వెళ్ళిపోతాడు. అందుకని సెట్ వాళ్ళు ఎవరికీ తెలియని మొహాల కోసం వెతుక్కుంటూ ఉంటారు. అలా ఒక రోజు ఓ అసిస్టెంట్ డైరెక్టరు నా షెడ్డుకి వచ్చి, లాయరు గౌనులో ఉన్న సార్‌ని చూసి ఆనందంతో గంతేసినంత పని చేశాడు. "అన్నా, హీరోయిన్ తాతగారు రిటైర్డ్ జడ్జి. అచ్చు దిగిపోయాడు!"

నేను భయపడుతూ సార్‌కి చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి.

"సచ్చినంక ఎట్లుంటదో చూసుకునే మోఖా ఎవనికి దొరుకుతదయ్యా? తీస్కపో. గానీ నాదొక షరతు. నేనెవర్నో, ఎట్ల సచ్చిననో చెప్పాలె."

ఆ షరతు ఆయన చివరిదాకా వదల్లేదు. ప్రతి సినిమాకీ, ప్రతి సీరియల్‌కీ ఫోన్ చేసి కనుక్కునేవాడు. గుండెపోటు అంటే "మళ్ళ గుండెపోటేనా? మీ రైటర్లకు వేరే రోగం తెల్వదా?" అని విసుక్కునేవాడు. ఒకసారి స్వాతంత్ర్య సమరయోధుడని చెబితే వారం రోజులు నడకే మారిపోయింది. ఇంకోసారి ఆస్తంతా చిన్న భార్య పేర రాసిపోయిన జమీందారు అన్నాను. "ఈ ముచ్చట ఇంట్ల చెప్పకు" అన్నాడు.

ఒక సినిమా షూటింగ్‌కి తానూ వస్తానని పట్టుబట్టాడు. జూబ్లీహిల్స్‌లో కిరాయికిచ్చే పెద్ద బంగళా. హాల్లో సార్ బొమ్మకి మల్లెల దండ. దాని ముందు కూతురి పాత్ర వేసే నటి హారతిపళ్ళెం పట్టుకుని ఏడవాలి. ఆవిడ చాలా బాగా ఏడ్చింది. గ్లిజరిన్ అంతగా వాడలేదు కూడా. "నాన్నా, ఒక్కసారి మాట్లాడు నాన్నా" అని ఆవిడ అంటుంటే కెమెరా వెనకాల ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు. చూస్తే సార్. తన చావుకి తనే తట్టుకోలేక పంచె చెంగుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. డైరెక్టరు కట్ చెప్పగానే ఆ ఉద్వేగంలో ముందుకొచ్చి, "బిడ్డా, చాల మంచిగ ఏడ్చినవమ్మా" అన్నాడు.

ఆవిడ వెనక్కి తిరిగింది. గోడ మీద చూసింది. ఎదురుగా చూసింది. పళ్ళెం ఎగిరి ఎక్కడో పడింది. ఆ కేకకి బయట కార్లలో నిద్రపోతున్న డ్రైవర్లందరూ లేచి లోపలికొచ్చారు. ఆరోజుకి షూటింగ్ అక్కడితో సరి. సార్ ఆవిడ పక్కన కూర్చుని, తను బతికే ఉన్నానని నమ్మించడానికి చెయ్యి ముట్టుకోమన్నాడు, మంచినీళ్ళు తాగి చూపించాడు, హారతి ఎప్పట్నుంచి ఇస్తున్నారో చెప్పాడు. చివరిది వినేసరికి ఆవిడకి నమ్మకం కుదిరింది.

ఇదంతా అక్కకి తెలియకుండానే జరుగుతోందని అనుకున్నాం. ఒక మధ్యాహ్నం ఆవిడ కూరగాయలు తరుగుతూ టీవీ పెట్టింది. ఎదురుగా మొగుడు, మెడలో దండ.

నేను వెళ్ళేసరికి తలుపు దగ్గరే నిలబడి ఉంది. "బతికున్న మనిషికి దండేస్తవా తమ్మీ? నీకు చేతులెట్ల వచ్చినయి? నా పసుపు కుంకుమ నీకు గంత సులకనైందా?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. సార్ లోపలినుంచి "ఏం కాదే, దండ పడ్డకొద్ది ఆయుష్షు పెరుగుతది" అంటున్నాడు. ఆయనకి మాత్రం ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. తీస్తున్నంతసేపూ ఆయన, "ఈ మిర్చి పోర్చుగీసోళ్ళది, మన దిష్టి దీనికెట్ల తెలుస్తది" అని పోరుతూనే ఉన్నాడట.

ఆ రోజు నుంచి అక్క నాకు టీ ఇవ్వడం మానేసింది. నేను వెళితే మాట్లాడేది, కూర్చోమనేది, పండగపూట భోజనం కూడా పెట్టేది. టీ మాత్రం పెట్టేది కాదు. సారే లేచి, పుస్తకంలో వేలు పెట్టుకుని, ఒంటిచేత్తో చేసుకొచ్చేవాడు. చక్కెర లేని ఆ టీ ఏళ్ళ తరబడి తాగాను. అదే నా శిక్ష అని ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. బొమ్మని వెనక్కి తెచ్చేస్తానంటే మాత్రం ఆయన ఒప్పుకునేవాడు కాదు. "ఆ సీరియల్ల ఇప్పుడిప్పుడే కథ నా చుట్టు తిరుగుతున్నది" అనేవాడు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, జల్ది రా" అంది. అంతే అంది.

సార్ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. కళ్ళజోడు పెట్టుకునే ఉన్నాడు. ఒళ్ళో పుస్తకం. "రెండుసార్లు వచ్చి చూసిన తమ్మీ. కండ్లు మూసుకున్నడు. పుస్తకంల వేలున్నది గదా, మళ్ళ చదువుతడు అనుకున్న. అందుకే లేపలే" అంది అక్క. వేలు పెడితే ఆపలేనట్టు అని ఆయన చెప్పిన మాటే నాకు గుర్తొచ్చింది. ఆ వేలు బయటికి తీయడానికి మా ఇద్దరికీ మనసొప్పలేదు. సార్ తమ్ముడు వచ్చాకే తీశాడు.

దినాలు దగ్గర పడుతుండగా అక్క నన్ను పిలిచి అలమారులోంచి ఆయన ఫోటోలన్నీ తీసి ముందు పెట్టింది. గుర్తింపు కార్డుకి తీయించుకున్నవి, సన్మానాలప్పటివి, పెళ్ళి ఫోటో. "ఒక్కటి చూడు. అన్నిట్ల నోరు మూసుకున్నడు. నేను ఆయన్ను గిట్ల ఎన్నడు చూడలే. గీయనెవరో నాకెర్క లేదు" అంది. ఫోటోలన్నీ పక్కకి నెట్టి, "నువ్వేసిన బొమ్మ కావాలె తమ్మీ. పదకొండో రోజుకు ఇంట్ల ఉండాలె" అంది. నన్ను ఆవిడ ఏదైనా అడగడం అదే మొదటిసారి.

బొమ్మ ఆ సీరియల్ సెట్లో ఉంది. నేను వెళ్ళి ప్రొడక్షన్ మేనేజరుతో విషయం చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. బాధపడి, కుదరదన్నాడు.

"అయ్యో, సార్ పోయారా! చాలా సారీ అండీ. కానీ ఆ బొమ్మ ఇప్పుడు తియ్యలేమండీ. కంటిన్యుటీ పోతుంది. నిన్నటి ఎపిసోడ్‌లో ఉన్న పెద్దాయన ఇవాళ గోడ మీద లేకపోతే జనం ఫోన్లు చేసి తిడతారు. పైగా ఈ వారంలోనే ఆ దండలోంచి పువ్వు రాలాలి. కథంతా దానిమీదే ఉంది."

"మరి అదే మనిషిది ఇంకో బొమ్మ వేసిస్తే?"

"తేడా తెలియకూడదండీ."

షెడ్డు తలుపులు వేసుకుని కూర్చున్నాను. ఫోన్లో తీసిన పాత బొమ్మ ఫోటో ఎదురుగా పెట్టుకున్నాను. గౌను తేలిగ్గా వచ్చింది. పేరులేని పుస్తకం వచ్చింది. వేలి వంపు చేతికి అలవాటైపోయింది కాబట్టి చూడకుండానే వచ్చింది. ముక్కు, కళ్ళజోడు, ముందుకి వంగిన చెవి, అన్నీ వచ్చాయి. మళ్ళీ నోటి దగ్గరే ఆగిపోయాను. ఫోటోలో ఉన్నట్టే పెదవులు విడదీసి వేశాను. సార్ ఆవలిస్తున్నట్టు వచ్చింది. తుడిచి మళ్ళీ వేశాను. ఈసారి పంటినొప్పితో ఉన్నట్టు వచ్చింది. అప్పట్లో ఎదురుగా మాట ఉంది కాబట్టి నోరు తెరుచుకుంది. ఇప్పుడు షెడ్డులో రేకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. నా చెయ్యి దానంతటదే ఆ రెండు పెదవుల్నీ కలిపేసింది. వెంటనే అతికినట్టు కుదిరాయి. ఎన్ని ఆదివారాలు బతిమాలాను, మూయండి సార్, మూయండి సార్ అని! మూసిన నోటితో సార్ నావైపు చూస్తుంటే కుంచె పారేసి ఏడ్చాను.

తెల్లారి కొత్త బొమ్మ తీసుకుని సెట్‌కి వెళ్ళాను. మేనేజరు రెంటినీ పక్కపక్కన పెట్టి తేరిపార చూసి, "ఏదో తేడా ఉందండీ" అని నసిగాడు. అప్పుడు మేకప్‌లో ఉన్న ఒకావిడ లేచి వచ్చింది. ఒకప్పుడు హారతిపళ్ళెం విసిరేసి కేకపెట్టిన ఆ నటే. ఇప్పుడు ఈ సీరియల్లో అత్తగారు.

"సార్ నోరు మూసుకున్నారేంటి?" అంది. నా మొహం చూసింది. మేనేజరు వైపు తిరిగి, "ఇదే పెట్టండి. రాసే ఆయనతో నేను మాట్లాడతాను. ఈ ఇంటి కష్టాలు చూసి పెద్దాయనకి నోట మాట రాలేదని ఒక డైలాగు చెప్పేస్తాను, సరిపోతుంది" అంది. మేనేజరు ఆలోచించి, డైలాగు బాగుందన్నాడు. కొత్త బొమ్మకి దండ మార్చేటప్పుడు ఆవిడే స్టూలు పట్టుకుంది.

పాత బొమ్మని షెడ్డుకి తెచ్చి పడుకోబెట్టాను. సెట్ కుర్రాళ్ళు ఎన్నేళ్ళుగానో నుదుటి మీద కుంకుమ మీద కుంకుమ పెడుతూ వచ్చారు. అది చిన్న గుట్టలా గట్టిపడింది. దూది నూనెలో ముంచి నెమ్మదిగా తుడిచాను. కింద నా రంగు చెక్కుచెదరకుండా ఉంది. గుడ్డలో చుట్టి ఆటోలో ఒళ్ళో పెట్టుకుని మధురానగర్ తీసుకెళ్ళాను.

అక్క అప్పటికే హాల్లో ఒక అలమారు ఖాళీ చేయించి పక్కకి జరిపించింది. ఆ ఇంట్లో గోడ రంగేమిటో నాకు ఆరోజే తెలిసింది. లేత నీలం. మేకు కొట్టి బొమ్మ తగిలించాం. చుట్టాలంతా లేచి నిలబడ్డారు. పుస్తకంలో వేలు పెట్టుకుని, ఒక్క ముక్క చెప్పబోతూ, సార్ అందరివైపూ చూశాడు. ఎవరో ఒకరిద్దరు నవ్వారు, నవ్వినందుకు నొచ్చుకున్నారు.

సార్ తమ్ముడు గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి తెచ్చిన పెద్ద గులాబీల దండ విప్పి స్టూలు ఎక్కబోయాడు. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"దండ వద్దు."

"గదేంది వదినా? దండ ఎయ్యకుంటే ఎట్ల? మంది ఏమనుకుంటరు?"

"ఏమన్న అనుకోని. టీవీల ఎన్ని దండలు ఎయ్యాల్నో అన్ని ఏసిండ్రు. బయట సచ్చింది సాలు. ఇంట్లనన్న జర మాట్లాడనియ్యి."

ఆయన తమ్ముడు దండని చేతుల్లోనే పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు నిలబడి, చివరికి దేవుడి గదిలోకి తీసుకెళ్ళాడు.

భోజనాలయ్యాక జనం పలచబడ్డారు. నేనూ చెప్పులు వేసుకోబోతుంటే అక్క వంటింట్లోంచి పిలిచింది. "కూసో తమ్మీ. టీ తాగి పో."

కూర్చున్నాను. సార్ కుర్చీ పక్కన, సార్ బొమ్మకి ఎదురుగా. అక్క గ్లాసు తెచ్చి నా చేతికిచ్చి, తనూ ఒక గ్లాసు పట్టుకుని బొమ్మ కింద కూర్చుంది. ఆయన ఉండగా మాకు మాట్లాడుకునే అవకాశం ఎప్పుడూ రాలేదు కాబట్టి ఎలా మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియలేదు. ఏళ్ళ తర్వాత ఆ ఇంట్లో చక్కెర వేసిన టీ తాగాను. నాకది అస్సలు రుచించలేదు.